నేను కాక మరో నలుగురు గురువులు

మా ఊరి సెంటర్లో బస్‌షెల్టర్ నుంచి వేపచెట్టు దాకా నా శిష్యురాలు నాలుగు చోట్ల నిలబడి ఉంది. ఒక చోట బ్లేజరు, ఒక చోట తెల్లకోటు, ఒక చోట కిరీటం. నాలుగో చోట రాకెట్టు మీద కూర్చుంది. మొహం మాత్రం అన్నింట్లో ఒకటే, పదో తరగతి హాల్ టికెట్‌ది: రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఆరు నుంచి పది దాకా ఆ పిల్లకి లెక్కలు చెప్పాను. 2025 జూన్ 2న ఐఐటీ సీట్ల పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలొచ్చాయి, ఆ పిల్లకి ర్యాంకొచ్చింది. మూడో తేదీ తెల్లారేసరికి ఫ్లెక్సీలు లేచాయి. మా బడి ప్రహరీ కూలి రెండేళ్లయింది, మేస్త్రీ దొరకడం లేదు. దీనికి అర్ధరాత్రి నిచ్చెనలు దొరికాయి.

పరిశోధన అవసరమనిపించి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని గురువుల జాబితా తయారుచేశాను. బ్లేజరు తొడిగింది ఇంటర్ చదివిన కాలేజీ. సరే, అక్కడ చదివింది. తెల్లకోటు, స్టెతస్కోపు వేసింది దాని పోటీ కాలేజీ. అక్కడ ఓ ఆదివారం ఉచిత స్కాలర్‌షిప్ పరీక్ష రాసి, వాళ్లు పెట్టిన సమోసా తిని వచ్చింది. ఇంజినీరింగ్ ర్యాంకుకి స్టెతస్కోపు ఎందుకంటే, నీట్ కోసం చేసిన డిజైన్ మిగిలిపోయిందట. రాకెట్టు ఎక్కించింది ఓ యాప్. ఫోన్లో జాగా చాలక మూడో రోజే దాన్ని తీసేసింది. కిరీటం పెట్టినాయన ఐదో తరగతిలో పదకొండు రోజులు నవోదయ ఎంట్రన్స్ ట్యూషన్ చెప్పాడు. ఆ సీటు రాలేదు. అప్పుడు కిరీటం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఉపాధి పనికి పోతూ వాళ్లమ్మ ఆగింది. బ్లేజరు వంక చాలాసేపు చూసి, "మాస్టారండీ, ఈ కోటు ఎప్పుడు కొన్నారండీ దానికి? మాతో చెప్పనే లేదు" అంది. ఆ కోటు భుజాలు చూస్తే ఏ కబడ్డీ ఆటగాడివో అనిపిస్తుంది. చేతికి మగవాళ్ల వాచీ కూడా ఉంది.

కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. ఫలితం వచ్చాక రాతపూర్వక అనుమతి తీసుకుని గానీ పిల్లల ఫొటో వాడకూడదు, ఏ కోర్సు చదివారో చెప్పాలి. మావాళ్లు చట్టాన్ని గౌరవించేవాళ్లే. ఫ్లెక్సీ మూడో తేదీన కట్టి, నాలుగో తేదీన కాగితం పట్టుకొచ్చి వాళ్లమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. చదువు చెప్పకుండానే బొటనవేలు కోసిమ్మన్న ద్రోణుడి కంటే నయం. వీళ్లు వేలు వదిలేసి ముద్రతో సరిపెట్టుకున్నారు.

ఆ పిల్ల ఎవరి శిష్యురాలన్న తగవు తెగాలంటే పంపకాలు చేసుకోవడమే మార్గం. ఫిజిక్సు ఒకరికి, కెమిస్ట్రీ ఒకరికి, సమోసా ఒకరికి. లెక్కలు నావి, వాటి జోలికి రాకండి. "ఇంట్లో ఉప్పు లేదన్నా ఆ పిల్ల ర్యాంకే చెబుతారేం" అని మా ఆవిడ విసుక్కుంటోంది. ఫ్లెక్సీల్లో మూలనెక్కడైనా నా ఫొటో ఉందేమోనని కళ్లద్దాలు పెట్టుకుని వెతికిన మాట కూడా నిజమే. లేదు.

ఏడో తరగతిలో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని చెప్పాను. ఎందుకని లేచి అడిగింది. రూలు అన్నాను. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అందరికీ అదే చెబుతూ వచ్చాను, ఎవరూ చచ్చిపోలేదు. మర్నాడు మళ్లీ లేచింది. "సార్, నాన్నకి ముగ్గురి దగ్గర తలో రెండొందలు అప్పుంది. ఆ మూడు అప్పులూ తీసేస్తే మా ఇంటికి ఆరొందలు వచ్చినట్టే కదా?" సుద్దముక్క పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. అప్పట్నుంచీ ప్రతి ఏడో తరగతికీ ఆ ఉదాహరణే చెబుతున్నాను, నా సొంతదన్నట్టు. నా ఫ్లెక్సీ నల్లబల్ల మీద ఉంది, అంతే తేడా.

బ్లేజరు కాలేజీ సంగతి మాత్రం నవ్వుతో పోయేది కాదు. 2025 ఫిబ్రవరిలో, ఫీజు పద్నాలుగు వేలు బాకీ ఉందని ఈ పిల్లకి హాల్ టికెట్ ఇవ్వలేదు. వాళ్లమ్మని పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఆఫీసు గది బయట నిలబెట్టారు. కుర్చీలున్నాయి. కూర్చోమన్నవాడు లేడు. ఆ నెల్లోనే ఇంటర్ బోర్డు హాల్ టికెట్లని ఆంధ్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర'లో పెట్టబట్టి సరిపోయింది. నా ఫోన్లోకి తెప్పించి జిరాక్స్ షాపులో పది రూపాయలకి ప్రింటు తీయించాం. సంగతి తెలిసి క్లర్కు ఫోన్ చేసి, "ఎలా రాస్తుందో మేమూ చూస్తాం" అన్నాడు. చూశారుగా! ఇప్పుడా మొహమే ఇరవై అడుగుల ఎత్తున కట్టి 'మా ఆణిముత్యం' అంటారా? సిగ్గు లేదూ? ఈ పిల్ల చేరిన ఏడాది మా బడి నుంచి ఆ కాలేజీకి మొత్తం ఆరుగురు వెళ్లారు. మిగతా ఐదుగురూ పుస్తెలమ్మీ గేదెలమ్మీ పైసాతో సహా కట్టినవాళ్లే. వాళ్లు మీ శిష్యులు కారూ? వాళ్ల ఫొటోలేవి? అందులో ఒకడు ఇప్పటికీ నేనెదురొస్తే సందు మారుస్తాడు. వాడు నా దగ్గర నూటికి తొంభై ఆరు తెచ్చుకున్నవాడండీ!

సన్మాన సభలో నలుగురు గురువులూ ఒకే శాలువాకి నాలుగు కొసలు పట్టుకున్నారు. నన్ను 'తదితరులు'లో పిలిచారు. వెళ్లాను, బూందీ బాగుంది.

వారం తిరక్కుండా గాలివానకి నాలుగూ పడిపోయాయి. వాళ్లమ్మ చుట్టి ఇంటికి తీసుకుపోయింది. పాక మీద మూడు కప్పారట, కారడం ఆగింది. బ్లేజరుది కాస్త మందంగా ఉందని దాన్ని గేదెల కొట్టానికి తడికలా కట్టారు.