‘కృష్ణ’లో అక్షరాలెన్ని, పైథాన్‌లో మనుషులెందరు?

ఒడిశాలోని రాయగడలో ఆదివారం పూట పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పేటప్పుడు మొదటి వారమే ఒక ప్రశ్న వేస్తాను. ‘కృష్ణ’ అనే మాటలో అక్షరాలెన్ని? రెండు అంటారు తెలుగు పిల్లలు. ఒడియా పిల్లలదీ అదే జవాబు. పైథాన్‌లో మాట పొడవు చెప్పే లెన్ ఫంక్షన్‌ని అడిగితే 5 అంటుంది. క, వట్రసుడి, ష, పొల్లు, ణ అని దేనికది విడిగా లెక్కపెడుతుంది మరి. యంత్రానిదీ తప్పు లేదు, పిల్లలదీ తప్పు లేదు. దేన్ని ‘ఒకటి’ అనుకున్నారన్న దగ్గరే తేడా వచ్చింది.

ఒక ప్రోగ్రామింగ్ భాష చుట్టూ చేరిన సమాజంలో ఎన్ని రకాల మనుషులున్నారో లెక్క తీసేటప్పుడూ ఇదే చిక్కు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 2017లో, ఎవరైనా చూసి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ మీద జరిపిన సర్వేలో జవాబిచ్చినవారిలో 95 శాతం మగవాళ్ళు, 3 శాతం ఆడవాళ్ళు. ఈ అంకె లోకమంతా తిరిగింది, తిరగాల్సిందే. అదే సర్వేలో దాదాపు పావు వంతు మంది తమకు ఇంగ్లీషు చదవడం, రాయడం అంత బాగా రాదన్నారు. దీని గురించి మాట్లాడినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. పైగా ఆ మాట చెప్పగలిగినవాళ్ళు సర్వే దాకా నడిచొచ్చినవాళ్ళు. గుమ్మం దగ్గరే వెనుదిరిగినవాళ్ళు ఏ ఫారం నింపుతారు?

పరిస్థితిని మార్చడం అసాధ్యమేమీ కాదని పైథాన్ వాళ్ళే చూపించారు. అమెరికాలో ఏటా జరిగే పైకాన్ సదస్సులో 2011లో వక్తల్లో ఆడవాళ్ళు సుమారు 1 శాతం. 2016కి 40 శాతం. నిర్వాహకులు ప్రకటన ఇచ్చి ఊరుకోకుండా, ఆడవాళ్ళకు నేరుగా రాశారు, ప్రసంగానికి దరఖాస్తు పెట్టమని అడిగారు. ఆడవాళ్ళను పైథాన్‌లోకి తెచ్చే బృందాలు కూడా వచ్చాయి: 2011లో లాస్ ఏంజెలెస్‌లో పైలేడీస్, 2014లో బెర్లిన్‌లో జాంగో గర్ల్స్ మొదలయ్యాయి. అయితే వేదిక వేరు, తాళంచెవి వేరు. పైథాన్ భాషలోనే మార్పులు చేర్చే అధికారమున్న కోర్ డెవలపర్లలో తొలి మహిళ మరియట్టా విజయ. ఆమె ఆ బృందంలో చేరింది 2017లో. 1991లో బయటికొచ్చిన భాషకు అప్పటికి 26 ఏళ్ళు. అంతకు రెండేళ్ళ ముందే భాష సృష్టికర్త గిడో వాన్ రోసమ్, కోర్ బృందంలోకి ఆడవాళ్ళు రావాలని, అవసరమైతే తానే దగ్గరుండి నేర్పుతానని బహిరంగంగా అన్నారు. సదస్సు లెక్క ఒక్కటే చూస్తే ఇల్లు మారిపోయిందనుకుంటాం. ప్రతి తలుపు దగ్గరా విడిగా లెక్కపెట్టాలని నేననేది ఇందుకే.

ప్రోగ్రామింగ్ భాష చుట్టూ చేరిన సమాజం కాకపోయినా, లినక్స్ కంప్యూటర్లకు డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. 2006లో, విద్యార్థులకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద గ్నోమ్‌కి 181 దరఖాస్తులొచ్చాయి. ఒక్క ఆడపిల్లా లేదు. ఆడవాళ్ళకే ప్రత్యేకంగా పిలుపిస్తే ఆ ఏడాదే వంద దాకా వచ్చాయి. ఆ వంద మందీ రాత్రికి రాత్రి కోడింగ్ నేర్చుకుని ఉండరు. మొదటి పిలుపు తమను ఉద్దేశించిందని వాళ్ళకు అనిపించలేదు, అంతే. నేడు అవుట్‌రీచీగా సాగుతున్న పథకానికి అదే మొదలు.

ఇక మా సరిహద్దు సంగతి. గుణుపురం వైపు నుంచి వచ్చే సవర గిరిజన పిల్లకు ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. పైథాన్ అయిదోది. ఈ పిల్ల సర్వే నింపితే దేశం: భారత్, లింగం: స్త్రీ. అక్కడితో సరి. బెంగళూరు ఐటీ కారిడార్‌లో పుట్టి పెరిగిన అమ్మాయిదీ అదే గడి. గ్రాఫులో భారత్ వాటా పెరిగిందని పండగ చేసుకుంటే, అందులో పర్లాకిమిడి ఉందో లేదో, జయపురం ఉందో లేదో తెలిసే దారి లేదు. మా తెలుగు పిల్లలదీ ఇదే కథ. “ఇక్కడ తెలుగోళ్ళంటారు, విశాఖ వెళ్తే ఒరియావాళ్ళంటారు మాస్టారూ” అన్నాడొకడు. ఏ జాబితాలోనూ వాడికి సరిపోయే గడి కనబడలేదు నాకు.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, బళ్ళు పెట్టారు. 1936లో మంగేయి గమాంగో ఇదే భాషకు సోరా సోంపెంగ్ లిపి కట్టారు. 2012లో అది, కంప్యూటర్లలో ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో చేరింది. చిత్రమేమిటంటే, ఆ లిపిలో అంకెలు రాసి ఇస్తే పైథాన్ వాటిని సంఖ్యగా మార్చేసుకుంటుంది. ౧౨ అని ఇచ్చినా 12 అని పోల్చుకుంటుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు, అంటే కోడ్‌లో విలువలకు మనం పెట్టే పేర్లు, తెలుగులోనే పెట్టుకోవచ్చు. యంత్రం సవర అంకెల్ని గుర్తుపట్టే రోజొచ్చినా, సవర మాట్లాడే మనిషికి సర్వేలో ఇంకా గడి లేదు.

“కోడ్‌కి భాషేమిటి, ప్రతిభ ఉంటే చాలు” అంటారు కొందరు. వాళ్ళు నాలుగో భాషలో ఎర్రర్ మెసేజ్ చదివి ఎరగరు. 2021లో వచ్చిన పైథాన్ 3.10లో ఎర్రర్ మెసేజ్‌లు సులువు చేశారు. అదివరకు ‘సింటాక్స్ తప్పు’, అంటే రాసిన తీరు తప్పు, అని ఊరుకునేది, ఇప్పుడు ఫలానా బ్రాకెట్ మూయలేదని వేలు పెట్టి చూపిస్తుంది. దాన్ని వైవిధ్యం పద్దులో ఎవరూ రాయరు. నేను రాస్తాను. మా క్లాసులో దానివల్ల నిలబడిన పిల్లల్ని చూశాను కనుక.

నా దగ్గరొక నోటుబుక్కు ఉంది. ఎవరొచ్చారు, ఎవరు నోరు తెరిచి ప్రశ్న అడిగారు, నెల తర్వాత ఎవరున్నారు అని మూడు గడులు. రావడం మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడుగుతాను. పాఠం కష్టమై మానేశామన్నవాళ్ళు తక్కువ. ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు అందదు. ఫోను అన్నయ్యది, వాడు ఊళ్ళో ఉంటేనే చేతికొస్తుంది. గ్రూపులో ఇంగ్లీషులో అడగాలంటే నామోషీ. ఏ భాషలోనైనా అడగండర్రా అని నేను నోటితో చెబితే సరిపోలేదు. ఒకమ్మాయి తెగించి, సగం తెలుగు సగం ఒడియాలో ఫర్ లూప్ ఎందుకు ఆగట్లేదని అడిగాకే మిగతావాళ్ళ నోళ్ళు విచ్చుకున్నాయి.

ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించను. చిన్న గుంపులో సవర పిల్ల ఒక్కతే ఉంటే, పేరు తీసేసినా ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. లెక్క తీసే పెద్ద సంస్థలకూ ఈ జాగ్రత్త తప్పదు. మరీ చిన్న అంకెల్ని బయటపెట్టకూడదు. జవాబివ్వడం ఎవరి ఇష్టం వాళ్ళదే కావాలి. ఆ హద్దులో ఉంటూనే ఇంటి భాష ఏమిటి, బడిలో ఏ మాధ్యమం, మీ ఊరికి దగ్గరి సదస్సు ఎంత దూరం అని అడగొచ్చు. ఆ ప్రశ్నల్ని ఒడియాలో, తెలుగులో పెట్టొచ్చు. గుణుపురం నుంచి విశాఖకు పిల్లతోపాటు తోడు వచ్చే అమ్మకు కూడా టికెట్ డబ్బులివ్వొచ్చు. ఆ రెండో టికెట్ లేకపోతే మొదటి టికెట్ వృథా.

క్లాసును సాయంత్రం నుంచి పొద్దున్నకి మార్చాను. బస్సు అందక మానేసిన అమ్మాయి రెండు వారాలుగా మళ్ళీ వస్తోంది. వెనక వరసలో కూర్చుని, బోర్డు మీదున్నదంతా రాసుకుంటుంది. ఆమె ఎదురుగా రెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది.