సవరణ: సలేషియన్ల పెద్దను పోప్ నియమించలేదు

సలేషియన్ సభ (డాన్ బోస్కో పెట్టిన కథోలిక ఫాదర్ల, బ్రదర్ల సంఘం) కొత్త పెద్ద ఫాదర్ ఫాబియో అత్తార్డ్ గారిని పోప్ నియమించినారని మొన్న రాసినా కదా, అది తప్పు. సభవాళ్ళ ప్రకటన ప్రకారం 2025 మార్చి 25న ఇటలీలోని తురిన్‌లో జరిగిన 29వ మహాసభలో దేశదేశాల ప్రతినిధులు ఓట్లేసి ఎన్నుకున్నారు, పదవి 6 ఏండ్లు. మన కడప బిషప్పునైతే పోపే వేస్తారు, నేను ఆ లెక్కనే అనుకున్నా.

ఇంకోటి, ముందున్న ఆంహెల్ ఫెర్నాండెజ్ అర్తిమే గారిని తీసేసినారని కొందరు అర్థం చేసుకున్నారు, అట్లేం కాదబ్బా, పదేండ్లు సభని మోసిన మనిషి, 2023లో కార్డినల్ (కథోలిక సంఘంలో పోప్ తర్వాతి పెద్ద హోదా) అయినాక 2024లో ఈ పదవి దిగినారు.

ఆదివారం పూజలో చదివే ప్రార్థన కాగితంలో నా పోస్టు చూసి "నియమించిన" అని రాసుకున్నోళ్ళు దాన్ని కొట్టేసి "ఎన్నికైన" అని పెట్టుకోండి, పాత పెద్దకి కృతజ్ఞత చెప్పే లైను మాత్రం అట్లే ఉండనీండి.