కోళ్ల గూటి అడ్డకర్రగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కోళ్ల గూటి అడ్డకర్రగారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, లేఖను ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద అని నాకు తెలియకపోలేదు. తమరి కుశలానికి వచ్చిన లోటేమీ లేకపోయినా, రాత్రిళ్లు తమరి మీద కునుకు తీస్తున్న తొమ్మిది పెట్టల కుశలం మాత్రం బొత్తిగా బాగాలేదు కనుక, అబద్ధంతో ఆరంభించడం ఇష్టం లేక ఆ మాట వదిలేస్తున్నాను.

రోజుకు ఆరు గుడ్లు పెట్టే గుంపు మూడు వారాల్లో రెండుకు దిగింది. మందారంలా ఉండే తురాయిలు వెలిసిపోయిన గుడ్డపీలికల్లా తయారయ్యాయి. పొద్దు వాలగానే ఒకదాన్నొకటి తోసుకుంటూ గూట్లోకి దూరే కోళ్లు, ఇప్పుడు గుమ్మం దగ్గరే నిలబడి, అప్పులవాడు లోపల కూర్చున్నాడని తెలిసిన మనిషిలా అటూ ఇటూ చూస్తున్నాయి. నేను మేతను అనుమానించాను, ఎండను అనుమానించాను, ఈకలు రాల్చే కాలం వచ్చిందేమో అనుకున్నాను, ఏ పాపమూ ఎరుగని పుంజును కూడా రెండు రోజులు అనుమానించాను. తమరిని మాత్రం అనుమానించలేదు. ఉలకని పలకని కర్రను ఎవరు అనుమానిస్తారు?

మొదట నాకు దొరికినవి పేలు. ఒక పెట్టను చంకలో ఇరికించుకొని, తోక కింద ఈకలను వేళ్లతో విడదీసి చూస్తే, గడ్డిరంగు పురుగులు వెలుతురు తగలగానే చర్మం మీద పరుగులు తీశాయి. ఈకల మొదళ్లకు తెల్లని ఈపులు, తడిసిన ఉప్పు గడ్డకట్టినట్టు, గుత్తులుగా అంటుకొని ఉన్నాయి. దొంగ దొరికాడని నేను సంబరపడిపోయాను. నిజం చెప్పాలంటే, తమరి అతిథులతో పోలిస్తే కోడిపేను ఎంతో పెద్దమనిషి. పుట్టేదీ పెరిగేదీ చచ్చేదీ కోడి మీదే. ఈకలనూ చర్మపు పొట్టునూ కొరుక్కుతింటూ పట్టపగలే కంటికి కనిపిస్తుంది, కోడిని విడిచి కింద పడితే వారం తిరిగేలోపు తనే పోతుంది. కోళ్లకని అమ్మే పేల పొడిని తోక కిందా రెక్కల కిందా వేళ్లతో రుద్దితే పేలు చస్తాయి గానీ, ఈపులకు ఏమీ కాదు. అవి నాలుగు రోజులకో వారానికో పొదిగి మళ్లీ సంసారం పెడతాయి కనుక, పది రోజులకు రెండో విడత తప్పదు. (కిందటిసారి ఒక్క విడతతో చేతులు దులుపుకొని ఆ పాఠం నేర్చుకున్నాను కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నాను.)

రెండు విడతలూ అయ్యాయి. పేలు పోయాయి. తురాయిలకు రంగు మాత్రం రాలేదు.

అప్పుడు గూటిని తనిఖీ చేయాలనే గొప్ప ఆలోచన వచ్చి, మిట్టమధ్యాహ్నం, ఎండ నేరుగా లోపలికి పడుతున్న వేళ చూసుకొని, తమరి దర్శనం చేసుకున్నాను. తమరు ఎంతో శుభ్రంగా కనిపించారు. చివరల దగ్గర, మేకుల చుట్టూ మాత్రం ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టు బూడిదరంగు నలుసు కాస్త ఉంటే, దుమ్మనుకొని ఊదేశాను. ఆ దుమ్ము ఎర్రనల్లుల (మంచంలో నల్లులు కావు, కోళ్ల నెత్తురు తాగే నలుసంత పురుగులు) విసర్జన అనీ, అవి విడిచిన పొట్టు అనీ తర్వాత తెలిసి, ఊదిన నోటిని ఎన్నిసార్లు కడుక్కున్నానో తమరికి అనవసరం.

ఆ రాత్రి పదింటికి టార్చీ, ఒక తెల్ల కాగితం పట్టుకొని మళ్లీ వచ్చాను. కోళ్లు కదలకుండా కాగితాన్ని తమరి అడుగు వైపు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి లాగి వెలుతురులో చూశాను. కాగితం మీద ఎర్రని చారలు, ఎవరో నెత్తురులో ముంచిన దువ్వెనతో గీసినట్టు. నలగకుండా మిగిలినవి మిల్లీమీటరైనా లేని ఒళ్లతో, ఎనిమిదేసి కాళ్లతో, నా బొటనవేలి వైపు నడిచి వస్తున్నాయి. అంతకు ముందు వారమంతా నా ముంజేతులు ఎందుకు దురద పెట్టాయో అప్పుడు అర్థమైంది.

అయ్యా, తమరు నడుపుతున్నది సత్రమని నాకు ఇంతకాలం తెలియదు. పగలంతా తమరి పగుళ్లలో, కణుపుల్లో, గోడకు ఆనిన సందుల్లో ఎర్రనల్లికి ఉచిత నివాసం. చీకటి పడ్డాక పైకి పాకి, నిద్రపోతున్న కోడి మీద అరగంటో గంటో భోజనం. తెల్లవారకముందే తిరిగి పడక. ఆకలితో ఉన్నప్పుడు బూడిదరంగు, తిన్నాక ఎరుపు. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు. నేను కోడిని పట్టుకొని పొడి రుద్దినంతసేపూ అసలు ముద్దాయిలు తమరి బెరడు కింద గుర్రుపెట్టి నిద్రపోతున్నాయన్నమాట. పోనీ కదా అని కోళ్లను పది రోజులు వేరేచోట ఉంచి, తిండి లేక చస్తాయిలే అనుకున్నాను. రక్తం చుక్క లేకుండా ఎనిమిది నెలలైనా బతకగల ప్రాణులకు నా పది రోజులు ఒక పూట పస్తుతో సమానమని తమరైనా ఒక మాట చెప్పి ఉండవలసింది.

ఇంకో జాతి నల్లి రాత్రీ పగలూ కోడి మీదే ఉండి తోక కింద ఈకలను నల్లగా మురికి చేస్తుంది. మరొకటి కాళ్ల పొలుసుల కింద తొలుచుకుపోయి కాళ్లను గరుకెక్కిస్తుంది. దానికి వ్యాజిలీనో నూనెనో ఓపికగా రాయాలి. ఆ రెండింటి పాపమూ తమరి ఖాతాలో వేయను.

ఏదో ఒక పురుగుమందు తెచ్చి గూడంతా కొట్టేయమని నాకు సలహా ఇచ్చినవారు ఉన్నారు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల కోళ్ల ఫారాలలో ఈ ఎర్రనల్లి కోసమే వాడిన మందులో, ఆహారానికి పెంచే జంతువుల మీద వాడకూడని ఫిప్రోనిల్ అనే పురుగుమందు ఉందని బయటపడి, లక్షలాది గుడ్లను అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించవలసి వచ్చింది. నల్లి మీద కోపంతో నా గుడ్లను నేనే తినలేని స్థితి తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

న్యాయంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. సహజంగా ఉంటుందని మురిసిపోయి, బెరడు తీయని కొమ్మను ఏరి తెచ్చింది నేనే. ఊడదీసే వీలు లేకుండా రెండు చివరలా మేకులు దిగ్గొట్టిందీ నేనే. ఆ సత్రానికి శంకుస్థాపన చేసినవాడిని కనుక, కూల్చే బాధ్యతా నాదే. రేపు ఉదయం మేకులు పీకి, తమరి బెరడు ఒలిచి, సలసల కాగే నీళ్లతో అభ్యంగనం చేయించి, రోజంతా ఎండబెడతాను. గోడల సందులను పూడ్చి, ఆరిన పగుళ్లలో, ముక్కుకు గుడ్డ కట్టుకొని, డయటోమేషియస్ ఎర్త్ అనే, పురుగుల ఒంట్లో తడిని పీల్చి చంపే మెత్తని మట్టిపొడి కూరుతాను. తడి తగిలితే అది పనిచేయదు గనుక తొందరపడను. ఆ తర్వాత తమరు గోడను తాకకుండా, ఎత్తి తీసేందుకు వీలుగా రెండు కొక్కేల మీద కూర్చుంటారు, చివరలకు నూనె పూసుకొని. మరిగిన నీరు లోతైన పగులుకు చేరేసరికి చల్లారిపోతుందని తెలుసు కాబట్టి, ఐదారు రోజులకొకసారి ఈ మర్యాదలన్నీ మళ్లీ జరుగుతాయి.

ఈ లేఖకు తమరు ప్రత్యేకంగా జవాబు రాయనక్కరలేదు. రాత్రి పదింటికి తెల్ల కాగితం పట్టుకొని నేనే వచ్చి చదువుకుంటాను.

ఇట్లు,
తమరిని మేకులు కొట్టి నిలబెట్టినవాడు