ప్రతి వాయిదాకీ వచ్చే మనిషి కావాలి

పోక్సో కేసులో, అంటే పిల్లలపై లైంగిక నేరాల కేసులో, పిల్లలు భయపడేది డిఫెన్స్ లాయరు ప్రశ్నలకే అనుకుంటాం. అంతకన్నా ముందు కోర్టు వరండా ఉంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లీకూతుళ్లు అక్కడ బల్ల మీద కూర్చుంటారు. ముద్దాయి చుట్టం ఒకాయన పక్కకొచ్చి, ‘ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి, రాజీ పడిపోండమ్మా’ అని మెత్తగానే చెబుతాడు. పిల్ల అంతా వింటూనే ఉంటుంది. మధ్యాహ్నానికి కేసు వాయిదా. తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే.

ఆ బల్ల మీద మూడో మనిషి కూర్చోవాలని చట్టమే చెప్పింది. పోక్సో చట్టం 2012లో వచ్చింది. 2020 నిబంధనల ప్రకారం పిల్లల సంక్షేమ కమిటీ ఒక సపోర్ట్ పర్సన్‌ను ఇవ్వొచ్చు. ఆయన లాయరు కాదు, పోలీసూ కాదు. ఆస్పత్రికి, కోర్టుకు తోడు వెళ్లాలి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి, పరిహారం సంగతి చూడాలి, కమిటీకి నెలనెలా రిపోర్టు ఇవ్వాలి. ఇలాంటి తోడు అవసరమా కాదా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేయకూడదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మరి ఈ పనికి ఎవరు రావాలి? సేవాభావం ఉంటే చాలంటే నేను ఒప్పుకోను. పుట్టినరోజుకి హాస్టల్‌లో పండ్లు పంచి ఫొటో దిగే ఉత్సాహం ఇక్కడ నిలవదు. వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగించాలని చట్టంలో ఉన్నా, ఎనిమిదో తరగతిలో కేసు పెట్టిన పిల్ల ఇంటర్‌కి వచ్చాక సాక్ష్యం చెప్పడం మన దగ్గర వింతేమీ కాదు. రెండు వాయిదాలకు వచ్చి మూడోదానికి ఫోన్ ఎత్తని అక్క కన్నా, అసలు అక్కే లేకపోవడం నయం. ఆ వయసులో ఇంకొకరు వదిలేసి పోతే ఆ పిల్ల మళ్లీ ఎవరినీ నమ్మదు.

అమెరికాలో ఇలాంటి పనే వాలంటీర్లు చేస్తారు. 1977లో సియాటెల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి మొదలుపెట్టారు. అక్కడ వాలంటీరు పిల్లల పరిస్థితి స్వయంగా విచారించి, వాళ్లకు ఏది మంచిదో నేరుగా జడ్జికే చెబుతాడు. మన సపోర్ట్ పర్సన్‌కు అంత అధికారం లేదు, ఆయన రిపోర్టు వెళ్లేది కమిటీకి.

అర్హత మాత్రం అందని ద్రాక్షేమీ కాదు. సోషల్ వర్క్, సైకాలజీ లాంటి వాటిలో పీజీ ఉండాలి, లేదా డిగ్రీతో పాటు పిల్లల చదువు, రక్షణ రంగాల్లో మూడేళ్ల అనుభవం ఉండాలి. అంటే మన రిటైర్డ్ టీచర్లలో చాలామంది సరిపోతారు. ఏడిచే పిల్లను ప్రశ్నలతో విసిగించకుండా ఊరుకోబెట్టడం వాళ్లకు కొత్త కాదు. చిక్కల్లా ఒక్కటే, సొంత మండలంలో మాస్టారికి ముద్దాయి మామ కూడా తెలిసినవాడే అయి ఉంటాడు. అందుకే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పేరు రాయించుకునేటప్పుడే, తనకు ఏ మండలం కేసు ఇవ్వొద్దో కూడా చెప్పేయాలి. దారిఖర్చులు, పారితోషికం అడగడానికి మొహమాటపడక్కర్లేదు, ఈ పనికి ప్రభుత్వం డబ్బు చెల్లించాలని నిబంధనల్లోనే ఉంది.