యు/ఎ 13+ గారికి, కడప నుంచి ఒక నాన్న

పదమూడేళ్ల లోపు పిల్లలు పెద్దల తోడుతోనే చూడాలని చెప్పే గుర్తుగా తెర మూలన రెండు సెకన్లు మెరిసి మాయమయ్యే అయ్యా,

తమరు 2021 ఐటీ రూల్స్‌తో ఓటీటీలోకి వచ్చారు. మావాడు 2019లో పుట్టాడు. అంటే వాడికంటే మీరే చిన్న. మీకే ఇంకా పదమూడు నిండలేదు కాబట్టి, మీరు కాపలా కాసే కార్టూన్లు మీరే చూడకూడదు. అయినా పెద్దరికం మీదే!

మా అమ్మ మిమ్మల్ని లెక్కచేయదు. "బొమ్మలే కదప్పా, చూడనీలే" అంటుంది. బొమ్మల్లో పెద్దల బొమ్మలు వేరే ఉంటాయని ఆమెకు ఎలా చెప్పను? అమెరికా కార్టూన్ సౌత్ పార్క్ 1997లో మొదలైంది. అందులో హీరోలంతా బడిపిల్లలే. దీన్ని ఎవరూ చూడకూడదని మొదట్లో వాళ్లే రాసుకుంటారు. అదీ మీలాగే, ఎవరూ చదవరు.

పిల్లలు చూడకుండా టీవీకి పిన్ తాళం ఉంది కదా అంటారు. పెట్టాను. పిన్ 2019. రెండో రోజే మావాడు తీసేశాడు. "నా పుట్టిన సంవత్సరమే కదా నాన్నా" అన్నాడు, అదేదో నేను ప్రేమతో పెట్టినట్టు.

మా ఆవిడ కార్టూన్లే వద్దంటుంది. 2008లో ప్రభుత్వమే అల్లరి పిల్లాడి కార్టూన్ షిన్‌చాన్‌ను ఆపించింది. కత్తిరింపులతో మళ్లీ వచ్చాడు. సర్కారు వల్ల కానిది నావల్ల అవుతుందా? అయినా మా సీమ పేరు చెప్పి సుమోలు గాల్లోకి లేపిన సినిమాలు ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. అప్పుడు ఎవరి వయసూ ఎవరూ అడగలేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం పెదనాయన వచ్చాడు. మావాడు కారం దోశ తింటున్నాడు, ముక్కు మీద దాకా ఎర్రకారం. "బాగా చదువుకుంటాండావా నాయనా?" అని ఆయన ప్రేమగా అడిగితే, వీడు తల కూడా ఎత్తకుండా, "నీ పని చూసుకో ముసలోడా" అన్నాడు.

మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. దగ్గు అని చెప్పి పెరట్లోకి పోయాను.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. రెండు రాత్రుల ముందు కార్టూన్లో ఒక పిల్లాడు తాతను అన్నది. అన్నవాడి వెర్రితనం చూసి నవ్వాలని రాసినవాళ్ల లెక్క. ఆరేళ్ల వాడికి ఆ లెక్క అందదు, మాట మాత్రం అందుతుంది. ఆ రాత్రి తాళం తీసింది వాడు కాదు, నేనే. నిద్రలో లేచొచ్చి ఒళ్లో కూర్చుంటే, ఇంకో పది నిమిషాలేగా అని ఆపలేదు. ఆ మాటకు నేను పగలబడి నవ్వుతుంటే, వాడు టీవీ వైపు చూడలేదు. నా మొహం చూస్తున్నాడు.

ఇప్పుడు పిన్ మార్చాను, మా పెళ్లి సంవత్సరం పెట్టాను. వాడు కనుక్కోలేకపోయాడు. నిన్న రాత్రి వాడు పడుకున్నాక టీవీ పెడితే, మూడుసార్లు కొట్టినా తప్పే అంది. మా ఆవిడను అడిగే ధైర్యం లేదు. తమరికి తెలిస్తే ఆ మూలనే రెండు సెకన్లు చూపించగలరు.

ఇట్లు,
రిమోట్ చేతిలో ఉన్నా ఏమీ చేయలేని ఒక నాన్న