జ్వరమే జోన్ టూ

మా సైక్లింగ్ గ్రూపులో ఒక మహావీరుడున్నాడు. నిన్న ఆయన పెట్టిన పోస్టు: ‘యాంటీబయాటిక్స్ మూడో రోజు. అరవై కిలోమీటర్లు. నో ఎక్స్‌క్యూజెస్.’ కింద నిప్పు బొమ్మలు, కండల బొమ్మలు, చప్పట్లు.

పడుకుంటే ఫిట్‌నెస్ పోతుందని ఆయన బెంగ. వారం పది రోజులు తొక్కకపోతే ముందుగా తగ్గేది రక్తంలోని ప్లాస్మా, అంటే దాని ద్రవ భాగం. మళ్లీ తొక్కడం మొదలుపెడితే అది త్వరగానే వచ్చేస్తుంది. ఈ మాట ఆయన చెవికెక్కదు. యాప్‌లో ఫిట్‌నెస్ గీత కిందికి వంగింది మరి. గీత వంగితే వంశగౌరవం వంగినట్టే.

అందుకే జ్వరం ఎక్కువగా ఉన్న రోజున ఇంట్లోనే ట్రైనర్ మీద, అంటే ఉన్నచోటే తొక్కే స్టాండ్ మీద, సైకిల్ బిగించాడు. నోట్లో థర్మామీటర్, ఛాతీకి హార్ట్‌రేట్ పట్టీ. చలేస్తోందని ఫ్యాన్ ఆపాడు. చెమట పట్టేసరికి జ్వరం దిగిందని నమ్మాడు. ఒళ్లు ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీ వేడెక్కితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. డాక్టర్లు దాన్ని జబ్బు లక్షణం అంటారు, మావాడు ఉచిత ట్రైనింగ్ అంటాడు. 39 డిగ్రీల దగ్గర సగం పని జ్వరమే చేసిపెడుతోందట! పారాసెటమాల్ వేసుకోమని భార్య బతిమాలితే, ‘వద్దు, హార్ట్‌రేట్ పడిపోయి జోన్ పాడవుతుంది’ అన్నాడు. జోన్ టూ అంటే తేలికగా, ఎక్కువసేపు తొక్కేటప్పుడు గుండె ఉండాల్సిన వేగం. దగ్గు వచ్చినప్పుడల్లా వాట్స్, అంటే పెడల్ మీది బలం లెక్క, ఎగిరాయి. దాన్ని ఇంటర్వెల్స్ (ఆగి ఆగి జోరుగా తొక్కే కసరత్తు) పేరుతో సేవ్ చేశాడు. చివర్లో వాచీ ‘72 గంటలు విశ్రాంతి’ అంది. దానికేం తెలుసని విప్పి పక్కన పెట్టాడు.

ఇక మాత్ర సంగతి. మాత్ర మింగినవాడు కోలుకున్నట్టే అని ఆయన లెక్క. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. జలుబు, ఫ్లూ తెచ్చే వైరస్‌లను అది ముట్టుకోదు. పైగా ఆ స్ట్రిప్ పోయినసారి సగంలో ఆపేసిన కోర్సుది. సిప్రోఫ్లోక్సాసిన్, లివోఫ్లోక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ మీద, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) వాచవచ్చు, తెగవచ్చు అని నల్లగీతల పెట్టెలో హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఆదేశించింది. ఎక్కువగా దెబ్బతినేది మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్. పెడల్ తొక్కేవాడికి అదెంత అవసరమో వేరే చెప్పాలా? ఎనర్జీ జెల్ మీద కార్బోహైడ్రేట్లు ఎన్ని గ్రాములో కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివే మనిషి, మందు డబ్బాలోని మడతల కాగితం తీసి చైన్‌కున్న జిడ్డు తుడిచాడు. డాక్సీసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వేసుకుని ఎండలో గంటల తరబడి తిరిగితే చర్మం కమిలిపోతుంది. అదీ జరిగితే టాన్ లైన్ అని ఫొటో పెడతాడు.

ఆయన ఒళ్లు, ఆయనిష్టం అని వదిలేద్దును. కానీ ఆ పోస్టు కింద కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు: ‘అన్నా, నాకూ జ్వరం. ఛాతీ బరువుగా ఉంది. రేపు రావచ్చా?’ ఈయన జవాబు: ‘మెల్లగా తొక్కు తమ్ముడూ, చెమటతో పోతుంది.’

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రావడం లేదు. వైరల్ జ్వరాల్లో ఒక్కోసారి గుండె కండరమే వాస్తుంది. మయోకార్డిటిస్ అంటారు. ఆ గుండెను కష్టపెడితే లయ తప్పి మనిషి అక్కడికక్కడే పోవచ్చు. అందుకే అది ఉందని తేలిన ఆటగాళ్లను నెలల తరబడి ఆట ముట్టనివ్వరు. ఛాతీ బరువుగా ఉందన్న పిల్లాడికి డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పడానికి నోరు రాలేదా? గేర్లు మార్చడం వస్తే గుండె జబ్బులకు సలహాలిచ్చే అర్హత వచ్చేసిందా? ఆ జవాబుకు కూడా చప్పట్లు కొట్టారే, సిగ్గు లేదూ?

ఇటలీలో మూడు వారాలు సాగే పెద్ద సైకిల్ రేసు గిరో డి ఇటాలియాలో, 2023లో బెల్జియం సైక్లిస్టు రెమ్కో ఎవెనెపూల్ తొమ్మిదో స్టేజ్ గెలిచాడు. రేసులో అతనిదే మొదటి స్థానం, ఒంటి మీద మొదటివాడికిచ్చే గులాబీ జెర్సీ. ఆ రాత్రే కోవిడ్ అని తేలింది. రేసు వదిలేసి ఇంటికెళ్లిపోయాడు. మావాడు వదులుకోవాల్సింది ఒక్క ఆదివారం రైడ్. అందులోనూ ఎప్పుడూ అందరికంటే వెనకే ఉంటాడు.