ఆర్గానిక్ కెమిస్ట్ తయారయ్యేది ల్యాబ్‌లోనే

గుంటూరులోనో విజయవాడలోనో ఇంటర్ చదివే పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఆల్డాల్ కండెన్సేషన్ అనే రియాక్షన్ గడగడా చెప్పేస్తారు. ఎంట్రన్స్ కోసం అంతగా రుద్దిస్తారు. వాళ్లలో కొందరు ఎమ్మెస్సీ ఆర్గానిక్ దాకా వచ్చి, హైదరాబాద్‌కో విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీకో ఇంటర్వ్యూకి వెళ్తారు. అక్కడ ‘మీరు సొంతంగా ఏ రియాక్షన్ పెట్టారు, యీల్డ్ (రావాల్సిన పదార్థంలో చేతికొచ్చిన శాతం) ఎంత వచ్చింది’ అని అడిగితే చాలామందికి నోట మాట రాదు. తప్పు పిల్లలది కాదు. చేసే అవకాశం మనం ఇవ్వలేదు.

గుంటూరు జిల్లాకు సింథటిక్ కెమిస్ట్రీ, అంటే అణువులను తయారుచేసే విద్య, కొత్తేమీ కాదు. 1935లో గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో కె. వెంకటరామన్ దగ్గర పరిశోధన చేశారు. తర్వాత హార్వర్డ్‌లో ఇ.జె. కోరీ బృందంలో పనిచేశారు. ఆర్గానిక్ సింథసిస్‌కే 1990లో నోబెల్ అందుకున్న కోరీ ఆయనే. రామారావు 1985లో హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పగ్గాలు చేపట్టారు. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని అక్కడే అభివృద్ధి చేశారు. దాంతో మందుల కంపెనీ సిప్లా 1993లో ఆ మందును విదేశీ ధరలో సుమారు ఐదో వంతుకే మార్కెట్లోకి తెచ్చింది.

ఏజెడ్‌టీ కథ ఇంకా వెనక మొదలైంది. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ దాన్ని క్యాన్సర్ కోసం తయారుచేశారు. పనిచేయలేదు, పక్కన పడేశారు. 1987లో అదే అణువు హెచ్‌ఐవీకి తొలి మందుగా అనుమతి పొందింది. ఏడాదిలో ఎన్ని పేపర్లు రాశారని లెక్కగట్టే పద్ధతి, ఫలితం తేలడానికి ఇన్నేళ్లు పట్టే ఇలాంటి పనికి సరిపోదని నా గట్టి అభిప్రాయం.

బెంచ్ దగ్గర పని ఎలా ఉంటుందో చూడండి. రియాక్షన్ పెట్టాక గంటగంటకూ టీఎల్‌సీ ప్లేటు (మిశ్రమంలోని పదార్థాలను విడివిడి చుక్కలుగా చూపే పలక) మీద చుక్క పెట్టి, యూవీ లైటు కింద చూస్తారు. మొదలుపెట్టిన పదార్థం చుక్క మాయమై, కొత్త చుక్క ఒక్కటే కనిపిస్తే అదృష్టం. సాధారణంగా మూడు నాలుగు కనిపిస్తాయి. అప్పుడు పదార్థాలను వేరుచేయడానికి సిలికా జెల్ నింపిన గొట్టం, అంటే కాలమ్, వేసి, కిందికి దిగే ద్రవాన్ని ఒక్కో భాగంగా (ఫ్రాక్షన్) పట్టుకుంటూ పూటంతా నిలబడాలి. ఇది ఒక స్టెప్పే. ప్రతి స్టెప్పులో 90 శాతం యీల్డ్ వచ్చినా పది స్టెప్పులు దాటేసరికి మిగిలేది 35 శాతం. 80 శాతమే వస్తే చివరికి 11 శాతం కూడా నిలవదు. మందు ధర, రోగి జేబు ఈ లెక్కతో ముడిపడి ఉన్నాయి. ఒక్క స్టెప్ తగ్గించగలిగిన కెమిస్ట్ విలువ అదీ.

2005 వరకు మన చట్టం మందులకు తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చేది. కొత్త దారి కనిపెట్టినవాడిదే రాజ్యం. ఆ ఏడాది నుంచి అణువుకే పేటెంట్ వచ్చింది. కాబట్టి ఇప్పుడు కొత్త అణువునే పుట్టించాలి. మందుల అణువులను రూపొందించే మెడిసినల్ కెమిస్ట్ ఒక హైడ్రోజన్ తీసి ఫ్లోరిన్ పెడతాడు. దాంతో మందు కాలేయంలో తొందరగా విరిగిపోకుండా నిలవొచ్చు, లేదా అసలు పనిచేయడమే మానొచ్చు. తేలాలంటే ఆ అణువును చేసి, పరీక్షకు పంపాల్సిందే. కంప్యూటర్ ఎన్ని బొమ్మలు గీసి ఇచ్చినా, ఫ్లాస్కులో చేసి చూపించే మనిషి కావాలి.

మరి మన కాలేజీల్లో? సాల్వెంట్లకు (కరిగించే ద్రవాలకు) డబ్బుల్లేక ప్రాక్టికల్ రికార్డుతోనే సరిపెట్టుకునే చోట్లున్నాయి. ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ప్రతి విద్యార్థికీ కనీసం నాలుగు స్టెప్పుల సింథసిస్ ప్రాజెక్టు తప్పనిసరి చేయాలి. తయారైన అణువు నిర్మాణాన్ని చూపే ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రం ప్రతి కాలేజీ కొనలేదు, అక్కర్లేదు కూడా. గుంటూరు, విజయవాడల నడుమే ఉన్న నాగార్జున యూనివర్సిటీ కేంద్రంగా చుట్టుపక్కల కాలేజీలన్నిటి శాంపిళ్లూ నామమాత్రపు ఫీజుకు తీసుకునే ఏర్పాటు ఉంటే చాలు. రిపోర్టు గైడు టేబుల్ మీద ఆగిపోకూడదు. శాంపిల్ చేసిన విద్యార్థినే కూర్చోబెట్టి, రిపోర్టు గ్రాఫులోని ఏ పీక్ (శిఖరం) అణువులోని ఏ ప్రోటాన్‌దో (హైడ్రోజన్‌దో) తన చేతే గుర్తింపజేయాలి.